కళ్ల కింద సంచులు: నీరా, కొవ్వా, నీడా?

ఆదివారం వీడియో కాల్ కలవగానే ఊళ్లో అమ్మ ముందు మొహం చూస్తుంది, తర్వాతే మాట. "ఏమ్మా, కళ్ల కింద అంతలా ఉబ్బిపోయాయేం? నిద్ర పోవట్లేదా?" సోమవారం ఆఫీసులో అదే ప్రశ్న మర్యాద తొడుక్కుని వస్తుంది: కాస్త అలసిపోయినట్టున్నారే అంటారు. రోజుకు నాలుగు మీటింగుల్లో మన మొహం మనకే తెర మీద కనిపిస్తుంటే, పట్టించుకోకూడదనుకున్నవాళ్లు కూడా చివరికి పట్టించుకుంటారు. ఆ రాత్రే ఫోన్ తీసి అయిదు నక్షత్రాల రివ్యూలు చదివి అరవై డాలర్ల ఐ క్రీమ్ ఆర్డర్ పెడతారు. నెల తిరిగేసరికి ట్యూబు సగం ఖాళీ అవుతుంది, సంచి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ క్రీము చెడ్డదని కాదు. ఏ ఉబ్బుకు ఏ మందో తేల్చుకోకుండా కొన్నారు, అంతే. కళ్ల కింద కనిపించే సంచి ఒకే జబ్బు కాదు, మూడు వేర్వేరు విషయాలు ఒకేలా కనిపిస్తాయి. నీరు చేరిన ఉబ్బు ఒకటి, ముందుకు వచ్చిన కొవ్వు రెండోది, గుంట వల్లో రంగు వల్లో కనిపించే నీడ మూడోది. ఒకదాని వైద్యం ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. ముందు మీది ఏ రకమో తేల్చుకోవాలి, తర్వాతే డబ్బు ఖర్చు పెట్టాలి. ఈ అధ్యాయం ఆ క్రమంలోనే నడుస్తుంది.

అసలు అక్కడ ఏముంది?

ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం కనురెప్పలది. దాని కింద కొవ్వు పొర దాదాపు లేనట్టే. అందుకే ఒంట్లో ఎక్కడ కాస్త నీరు చేరినా ముందు అక్కడే తెలిసిపోతుంది. రాత్రంతా వెల్లకిలా, తల కింద పల్చటి దిండుతో పడుకుంటే ఆ నీరు మొహంలో నిలుస్తుంది. లేచి తిరుగుతుంటే దానంతట అదే కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి మాయమయ్యే ఉబ్బు ఇదే.

రెండోది కొవ్వు. కనుగుడ్డుకు దెబ్బ తగలకుండా ప్రకృతి చుట్టూ మెత్తటి కొవ్వు పేర్చింది. కింది రెప్పలో అది మూడు భాగాలుగా ఉంటుంది. దాన్ని ముందుకు రాకుండా ఒక పల్చటి పొర పట్టి ఉంచుతుంది. నులక మంచం వాడగా వాడగా వదులై కిందికి జారినట్టు, వయసుతో ఆ పొర సడలి కొవ్వు ముందుకు పొడుచుకొస్తుంది. కొన్ని వంశాల్లో ఇది ముప్పై దాటక ముందే మొదలవుతుంది. మీ నాన్నగారివో మేనమామదో నలభయ్యో ఏట తీసిన ఫొటో దొరికితే చూడండి. అవే సంచులు అక్కడా కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే.

మూడోది నీడ. వయసు పెరిగే కొద్దీ బుగ్గ పైభాగంలో నిండుదనం తగ్గి, కింది రెప్పకూ బుగ్గకూ మధ్య గాడి పడుతుంది. పైనుంచి దీపం వెలుగు పడితే ఆ గాడిలో నీడ చేరి పైన ఉన్నది సంచిలా కనిపిస్తుంది. మన చామనచాయ చర్మంలో దీనికి నలుపు కూడా తోడవుతుంది. కళ్ల చుట్టూ రంగు ముదరడం దక్షిణాసియావాళ్లలో చాలా మామూలు, తల్లిదండ్రుల నుంచి వచ్చేదే ఎక్కువ.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

డాక్టరు అక్కర్లేదు, ఒక కిటికీ, ఒక ఫోన్ చాలు. వరుసగా మూడు రోజులు నిద్ర లేవగానే ఒక ఫొటో, సాయంత్రం ఆరింటికి ఒక ఫొటో తీయండి. కిటికీకి ఎదురుగా, వెలుగు సూటిగా మొహం మీద పడేలా నిలబడి, ఎప్పుడూ ఒకే దూరం నుంచి తీయాలి. ఫిల్టర్లు వద్దు.

పొద్దుటి ఉబ్బు సాయంత్రానికి బాగా తగ్గితే అది నీరు. పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉండి, తల కదపకుండా కళ్లు పైకెత్తి చూసినప్పుడు ఇంకా పొడుచుకొచ్చి, కిందికి చూసినప్పుడు చదునైతే అది కొవ్వు. బాత్రూమ్ దీపం కింద భయపెట్టిన సంచి కిటికీ వెలుగులో దాదాపు కనిపించకపోతే అది గాడి నీడ. ఏ వెలుగులో చూసినా రంగు మారకుండా ఉంటే అది చర్మపు నలుపు. చాలామందిలో రెండు రకాలు కలిసి ఉంటాయి. అలాంటప్పుడు నీటితోనే మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, ఫలితం తొందరగా తెలుస్తుంది.

నీటి ఉబ్బు: మన చేతిలో ఉన్నది

ముందు ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం మించకూడదని అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు చెబుతాయి. అది ఇంచుమించు ఒక టీస్పూను ఉప్పు. సగటు అమెరికన్ తినేది 3,400 దాకా ఉంటుంది. అందులో 70 శాతానికి పైగా ఇంట్లో వేసుకునే ఉప్పు కాదు, ప్యాకెట్ల నుంచి, రెస్టారెంట్ల నుంచి వచ్చేది. మన ఇంటి లెక్క దీనికి ఇంకో పొర కలుపుతుంది: పప్పన్నంలోకి ఆవకాయ, నంచుకోవడానికి అప్పడం, నాలుగింటికి టీతో మిక్చరు, శుక్రవారం రాత్రి బయటి నుంచి తెచ్చిన బిర్యానీ. ఒక కప్పు ఇన్‌స్టంట్ నూడుల్స్‌లోనే వెయ్యి మిల్లీగ్రాములు దాటడం మామూలే.

ఆవకాయ మానేయమని ఎవరూ చెప్పరు, చెప్పినా మనం వినం. పూట మార్చండి చాలు. పచ్చడి, అప్పడం మధ్యాహ్నం తినండి, రాత్రికి ఉప్పు తక్కువున్న కూరో పెరుగన్నమో సరిపెట్టుకోండి. ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి సోడియం పక్కనున్న శాతం చూడండి. 5 శాతం లోపు ఉంటే తక్కువ, 20 శాతం దాటితే ఎక్కువ. అది ఒక్క వడ్డనకే అని గుర్తుంచుకోండి. ప్యాకెట్టంతా ఒక వడ్డన అనుకుని తినేది మనమే.

తర్వాత నిద్ర. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం, నిద్ర పరిశోధకుల సంఘం 2015లో కలిసి చెప్పాయి. అమెరికాలో ఇంచుమించు మూడో వంతు మంది అంత పడుకోవడం లేదు. మనవాళ్లకు ఇంకో చిక్కుంది. ఎండాకాలంలో డల్లాస్‌లో రాత్రి తొమ్మిది అంటే హైదరాబాద్‌లో మర్నాటి ఉదయం ఏడున్నర. ఆఫ్‌షోర్ టీమ్ లాగిన్ అయ్యే వేళకు మనం పడక సర్దుకోవాలి. పది గంటలకు కాల్ ముగిసినా బుర్ర పన్నెండు దాకా ముగియదు. కాల్ తప్పించలేకపోతే వారంలో ఏ రెండు మూడు రోజులకో కుదించమని మేనేజర్‌ను అడగండి. మిగతాది మెయిల్‌లో రాయొచ్చు. చివరి కాఫీ మధ్యాహ్నం రెండు లోపే తాగండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటికి తాగిన ఫిల్టర్ కాఫీ రాత్రి పదింటికి కూడా సగం రక్తంలోనే ఉంటుంది. తల కింద ఇంకో దిండు వేసుకోవడం పైసా ఖర్చు లేని మందు. శనివారం పార్టీలో మందు తాగిన మర్నాడు ఉబ్బు పెరగడం కూడా యాదృచ్ఛికం కాదు.

ఏడెనిమిది గంటలు పడుకున్నా అలసట తీరకపోతే, గురక గట్టిగా వస్తుందని ఇంట్లోవాళ్లు చెబుతుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉందేమో చూపించుకోండి. ఇప్పుడు చాలామందికి ఆ పరీక్ష ఇంట్లోనే పడుకుని చేసుకోవచ్చు.

మూడోది పుప్పొడి. అమెరికా వచ్చిన కొత్తలో ఏ ఇబ్బందీ లేనివాళ్లకు రెండు మూడు వసంతాలు గడిచాక కళ్ల దురదలు మొదలవుతాయి. కొత్త చెట్ల పుప్పొడిని ఒళ్లు శత్రువుగా గుర్తుపట్టడానికి సమయం పడుతుంది. అట్లాంటా శివార్లలో మార్చి, ఏప్రిల్ నెలల్లో పైన్ చెట్ల పసుపు దుమ్ము కార్ల మీద ముగ్గులా పేరుకుంటుంది. 2025 మార్చి చివర అక్కడ ఘనపు మీటరు గాలిలో పుప్పొడి లెక్క 14 వేలు దాటి కొత్త రికార్డు అయింది. అక్కడి కొలత ప్రకారం 1,500 దాటితేనే అత్యధికం. ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ పుప్పొడి. న్యూజెర్సీ, షికాగో వైపు ఆగస్టు మధ్య నుంచి మొదటి మంచు దాకా రాగ్‌వీడ్.

ఉబ్బుతో పాటు దురద, తుమ్ములు, నీళ్లు కారడం ఉంటే అనుమానం ఎలర్జీ మీదే. ఆ కాలంలో కిటికీలు మూసి ఉంచండి, బయటి నుంచి రాగానే మొహం కడిగి బట్టలు మార్చండి, పడుకునేముందు తలస్నానం చేయండి. సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మాత్రలు ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతాయి. కళ్లకు కీటోటిఫెన్ చుక్కలు, 2020 నుంచి ఓలోపటడిన్ చుక్కలు కూడా అలాగే దొరుకుతున్నాయి. ఎర్రదనాన్ని చిటికెలో పోగొడతామనే చుక్కలు వేరు. వాటిని రోజూ వాడితే ఆపిన తర్వాత ఎరుపు ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కళ్లు నలపకండి. నలిపిన కొద్దీ ఉబ్బు పెరుగుతుంది, చర్మం నల్లబడుతుంది. 2020 మార్చిలో వచ్చిన చట్టం తర్వాత ఇలాంటి మందులను ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య ఖర్చుల ఖాతాల డబ్బుతో కొనుక్కోవచ్చు. బిల్లు దాచుకోండి.

ఇక చల్లదనం. కీర ముక్క, ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా, తడిపి చల్లార్చిన టీ బ్యాగు, ఏదైనా ఒకటే. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని ఉబ్బు తగ్గుతుంది. కీరలో ప్రత్యేక మహిమ ఏమీ లేదు. పది నిమిషాలు చాలు. ఐసు ముక్కను నేరుగా చర్మానికి ఆనించకండి.

కొవ్వు సంచి: క్రీముకు లొంగనిది

ఇక్కడ నిజం సూటిగా చెప్పుకోవాలి. ముందుకు పొడుచుకొచ్చిన కొవ్వును ఏ క్రీమూ వెనక్కి నెట్టలేదు. ఏ మసాజూ, ఏ యోగాసనమూ సడలిన పొరను బిగించలేదు. తీయించాలనుకుంటే దారి శస్త్రచికిత్స. దాన్ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. చర్మం ఎక్కువగా వేలాడని వాళ్లకు కింది రెప్ప లోపలి వైపు నుంచే కోత పెట్టి కొవ్వు తీస్తారు, లేదా దాన్నే జరిపి గాడిలో సర్దుతారు. బయటికి మచ్చ కనిపించదు. కమిలిన రంగు, వాపు తగ్గడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది.

ఖర్చు సంగతి. కింది రెప్పల ఆపరేషన్‌ను ఇన్సూరెన్సులు అందం కోసమేనని లెక్కకట్టి సాధారణంగా డబ్బు ఇవ్వవు. పై రెప్ప జారి చూపుకు అడ్డొస్తే మాత్రం ఆ అడ్డును కొలిచి నిరూపించాక ఇచ్చే అవకాశం ఉంది. సర్జన్ ఫీజే సగటున మూడు నాలుగు వేల డాలర్లు, మత్తు ఖర్చు, ఆపరేషన్ గది ఖర్చు అదనం. కళ్లు పొడిబారడం, కింది రెప్ప బయటికి వాలడం లాంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి. కనుగుడ్డు వెనక రక్తస్రావమై చూపు పోవడం చాలా అరుదు, కానీ ఉంది. ఆస్పిరిన్, చేప నూనె మాత్రలు, మూలికల మందులు ఏవి వాడుతున్నా ముందే చెప్పాలి, రక్తస్రావం పెరగొచ్చు.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు బోర్డ్ సర్టిఫైడ్ అన్న మాటతో ఆగిపోకండి, ఏ బోర్డో అడగండి. కంటి వైద్యంలో బోర్డు సర్టిఫికెట్ ఉండి రెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారిని గానీ, అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ సర్టిఫికెట్ ఉన్నవారిని గానీ చూడండి. ఈ ఆపరేషన్ నెలకు ఎన్ని చేస్తారు, ఏదైనా తేడా వస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రెండూ తప్పకుండా అడగండి. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకోవాలనుకునేవాళ్లు ఆపరేషన్‌ను ప్రయాణం మొదటి వారంలోనే పెట్టుకోండి. కుట్లు, వాపు, చూపు అన్నీ ఆ సర్జనే మళ్లీ చూశాక తిరిగి విమానం ఎక్కాలి.

నీడ, నలుపు

గాడి పూడ్చడానికి హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ సూదులు వేస్తారు. కళ్ల కింది గుంటల కోసం ఒక ఫిల్లర్‌కు అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. అయితే ఈ పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది. నీటి ఉబ్బు ఉన్నవాళ్లు వేయించుకుంటే సంచి ఇంకా పెద్దదవుతుంది. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే, అరుదుగానైనా, చూపు పోవచ్చు. కాబట్టి ఇది సెలూన్‌లోనో ఎవరింట్లోనో స్నేహితుల మధ్య చేయించుకునే పని కాదు.

నలుపుకు మొదటి మందు సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, కాస్త రంగు కలిసినది తీసుకోండి. ఆ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగు వల్ల వచ్చే నలుపును కూడా కొంత ఆపుతుంది. ఊరి నుంచి సూట్‌కేసులో తెప్పించుకునే, చర్మాన్ని తెల్లబరుస్తామనే క్రీముల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కంటి దగ్గర నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. అమ్మమ్మ తెచ్చిన కాటుక కూడా అలాంటిదే. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం బయటపడింది. ఎఫ్‌డీఏ వీటిని అనుమతించిన రంగుల జాబితాలో చేర్చలేదు. పసిబిడ్డ కళ్లకు అసలే పెట్టకండి.

ట్యూబు మీద రాతలు

1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడి ఒక మహిళ చూపు పోగొట్టుకుంది. దాన్ని ఆపడానికి అప్పటి చట్టంలో వీలు లేదు. 1938లో కొత్త చట్టం వచ్చాక ఎఫ్‌డీఏ మొదట జప్తు చేసింది ఈ సరుకునే. ఇప్పటికీ రంగు పదార్థాలు తప్ప మిగతా సౌందర్య సాధనాలకు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. 2022 చివర్లో వచ్చిన చట్టం తయారీదారులు రిజిస్టర్ చేసుకోవాలంది, తీవ్రమైన దుష్ఫలితాలు తెలపాలంది. ముందస్తు అనుమతి మాత్రం అడగలేదు. కాబట్టి ట్యూబు మీద పరీక్షించి నిరూపించామని రాసి ఉంటే, ప్రభుత్వం చూసి ఒప్పుకుందని అర్థం చేసుకోకండి. జన్యువుల మీద పనిచేసి యవ్వనం తెస్తామన్న ప్రకటనల గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో లోరియల్‌తో ఒప్పందం చేసుకుని అలాంటి ఆధారం లేని మాటలు ఆపించింది.

మరి క్రీములు దేనికీ పనికిరావా? కొంత పనికొస్తాయి. కెఫీన్ ఉన్నవి రక్తనాళాలను కాసేపు ముడుస్తాయి. రెటినాల్ నెలల మీద సన్నటి ముడతలను కొంత తగ్గిస్తుంది, గర్భిణులు మాత్రం వాడకూడదు. నిమిషాల్లో సంచి మాయం చేసే వీడియోల్లో వాడేవి చర్మం మీద పల్చటి పొరలా ఆరి బిగిసే రకం. మొహం కడిగితే అదీ పోతుంది. పెళ్లి ఫొటోకి పనికొస్తుంది, వైద్యం కాదు.

డాక్టరుకు చూపించాల్సిన ఉబ్బు

కొన్ని ఉబ్బులకు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకూడదు.

- కళ్లతో పాటు కాళ్లు వాయడం, మూత్రంలో నురగ: మూత్రపిండాల పరీక్ష చేయించాలి. పిల్లల్లో పొద్దున్నే కళ్లు ఉబ్బితే ఎలర్జీ అనుకుని వారాలు గడిపేస్తారు. పిల్లల డాక్టరు చేసే చిన్న మూత్ర పరీక్షతో సంగతి తేలుతుంది.
- చలికి ఓర్చుకోలేకపోవడం, బరువు పెరగడం, లేదా కనుగుడ్లు ముందుకు వచ్చినట్టు ఉండటం: థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ వల్ల వచ్చే కంటి జబ్బుకు 2020 నుంచి ప్రత్యేకమైన మందు కూడా ఉంది.
- ఒక్క కన్నే వాచి, ఎర్రబడి, నొప్పి, జ్వరం, చూపు మసకబారడం: ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నాలుగు వారాల పని

మొదటి వారం ఫొటోలు తప్ప ఏదీ మార్చకండి, ఏదీ కొనకండి. మీది ఏ రకమో కాగితం మీద రాసుకోండి.

రెండో వారం రాత్రి భోజనంలో ఉప్పు తగ్గించండి. పచ్చడి, అప్పడం మధ్యాహ్నానికి మార్చండి. తల కింద రెండో దిండు వేసుకోండి.

మూడో వారం నిద్ర ఏడు గంటలకు తీసుకురండి. కాల్స్ కుదించమని అడగండి, కాఫీ వేళ మార్చండి. దురద ఉంటే ఎలర్జీ మందు మొదలుపెట్టండి. ఇతర మందులు వాడుతున్నవాళ్లు ముందు ఫార్మసిస్టును అడగాలి.

నాలుగో వారం చివర మళ్లీ ఫొటో తీసి మొదటి ఫొటో పక్కన పెట్టండి. తేడా కనిపిస్తే మీ సంచిలో నీరుంది, ఈ అలవాట్లే మీ మందు. తేడా లేకపోతే మిగిలింది కొవ్వో నీడో. అప్పుడు చర్మ వైద్యుడినో రెప్పల సర్జన్‌నో కలిసి మాట్లాడండి. తీయించుకోవచ్చు. నాన్న కళ్లే నాకు వచ్చాయని అలాగే ఉంచుకోవచ్చు. రెండూ సరైన నిర్ణయాలే, తెలిసి తీసుకున్నంతవరకు. ఆ నాలుగు వారాలు పూర్తయ్యే దాకా మాత్రం ఐ క్రీమ్ కార్ట్‌లోనే ఉండనివ్వండి.